తల వంచుకునే చెట్టు

టైలరింగ్ షాపు వెనక వరండా నుంచి
ఎండలు ఇంకా ముదరలేదు

బావగారికి,

లేచి నిలబడిందండీ! మీ చెట్టు తలెత్తుకుని నిలబడింది! క్షేమసమాచారాలు కిందికి పోనివ్వండి, ముందు ఈ కబురు మీ చెవిన వెయ్యకపోతే నాకు టీ కూడా గొంతు దిగేలా లేదు.

పిల్లలు సామానుతో మా ఊరు దిగిన రోజున అది గోనెలో చుట్టిన పుల్లల కట్టలా ఉంది. మా బావమరిది చూసి, "ఏం బావా, మీ వియ్యంకుడు పొయ్యిలోకి చితుకులు పంపాడా?" అన్నాడు. మీ అబ్బాయి మాత్రం దాన్ని నిద్రపోతున్న పసిపిల్లని దింపినట్టు దింపాడు. "జపాన్ మేపుల్ అంటారు మామయ్యా" అని ఒక్క ముక్క చెప్పి మేడెక్కాడు. ఆయన దగ్గర మాటలు తూచి ఇస్తారు కదా, మీకు నేను చెప్పాలా.

వ్యాను బయల్దేరేటప్పుడు మీరు అన్నది, మా అమ్మాయి చెప్పినప్పటి నుంచీ నా చెవుల్లో మోగుతూనే ఉంది. "ఆ ఎండల్లో ఈ చెట్టు ఎన్నాళ్లు బతుకుతుందో నువ్వూ అన్నాళ్లే ఉంటావు, చూస్తాగా" అన్నారట కొడుకుతో. ఆ తర్వాత ఆ పిల్లాడికి మీ దగ్గర్నుంచి ఒక్క మాట లేదని మా అమ్మాయి చెప్పింది. మీ నర్సరీ వదిలేసి మా ఊళ్లో నీళ్ల పరీక్ష ఆఫీసులో చేరడం మీకు మింగుడుపడలేదు, నాకు తెలుసు. నా సంగతా? కూతురు నా షాపు నడుపుతోంది, అల్లుడు నా మేడ మీద ఉన్నాడు, ఈ వయసులో ఇంకేం కావాలి నాకు! కాబట్టి మీరు కోపానికి అన్నా సరే, నేను పందెంగానే పట్టుకున్నాను. చెట్టు నిలబడితే పిల్లలు ఇక్కడ, పోతే మీ కొండమీద. అందుకే ఇది చావడానికి వీల్లేదు బావగారూ.

అసలు సంగతి చెప్పనివ్వండి. చలి తగ్గగానే ఆకులొచ్చాయి. ఏం ఆకులండీ అవి! జీవితమంతా కత్తెర పట్టిన చెయ్యి నాది, అంత సన్నపు కత్తిరింపు నాకే రాదు. ఎర్రటి పట్టు చివర్లు విప్పి కుచ్చు చేసినట్టుంది. అయితే ఆకు పట్టగానే కొమ్మలన్నీ తడిసిన గొడుగులా కిందికి జారిపోయాయి. నా ప్రాణం ఉసూరుమంది. నీళ్లు పోశాను. నీడలోకి జరిపాను. ఎండలోకి జరిపాను. మళ్లీ నీళ్లు పోశాను. ఊహూఁ, తలెత్తదే! ఇక లాభం లేదని షాపులోని పాత కొలత కర్రలు, విరిగిన గొడుగు ఊచలు, అంచు పీలికలు తెచ్చి కొమ్మకొక ఆసరా కట్టేశాను. ఇప్పుడు చూడండి, పోలీసు కవాతుకి నిలబడ్డట్టు నిలబడింది!

మీ అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి దాన్ని చాలాసేపు చూశాడు. "చాలా ఓపిగ్గా కట్టారు మామయ్యా" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో!

ఆయన్నీ ఊరికే వదిలెయ్యడం లేదు లెండి. సాయంత్రాలు షాపులో కూర్చోబెట్టి, కొలతలకి వచ్చినవాళ్లందరికీ పరిచయం చేస్తున్నాను. తల వంచుకుని కూర్చుంటాడు. "తలెత్తి మాట్లాడు బాబూ, మనవాళ్లే!" అని వీపు తడుతున్నాను. కొత్త ఊరు కదా, అలవాటు కావాలి.

మా ఆవిడ, అదే మీ చెల్లెమ్మ మాత్రం, "పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు ఆ కుండీని తిప్పకండి" అని సణుగుతోంది. ఆవిడకి తోటపని ఏం తెలుసు.

ఇట్లు, సంతోషం పట్టలేని
మీ బావ


నర్సరీ షెడ్డు, కొండమీద

బావగారికి నమస్కారం.

ముందు ఆ కట్లన్నీ విప్పేయండి. ఉత్తరం మధ్యలో ఆపి, విప్పి వచ్చి, మిగతాది చదవండి.

విప్పారా. అది వేలాడే జాతి. దాని కొమ్మలు కిందికే పెరుగుతాయి. తల వంచుకోవడం దానికి జబ్బు కాదు, అదే దాని తీరు. మీరు చెట్టుకి కాదు, చెట్టు అందానికి కర్ర కట్టారు.

పొద్దుటి ఎండ చాలు. మధ్యాహ్నపు ఎండా వడగాలీ తగలకూడదు. మట్టి చెమ్మగా ఉండాలి, బురదగా కాదు. మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే వేళ్లు చల్లగా ఉంటాయి. ఒక చోట పెట్టి ఇక కదపొద్దు. నేలలో మాత్రం నాటకండి, కుండీలోనే ఉండనివ్వండి. కుండీలో ఉన్నది ఎప్పుడైనా వ్యాను ఎక్కుతుంది.

రాత్రులు అక్కడ చల్లబడతాయా? ఉక్కబోస్తే దానికి నిద్ర పట్టదు. చిన్నప్పుడు కూడా కాస్త వేడి తగిలితే మెడ మీద పేలేది. ఆకు ఎలా ఉందో రాయండి.

మీ బావ


టైలరింగ్ షాపు వెనక వరండా నుంచి
ఎండలు ముదిరాయి

బావగారూ,

విప్పేశాను, విప్పేశాను! ఇంటిల్లిపాదీ నన్ను చూసి నవ్వడమే. మా అమ్మాయి అయితే కత్తిరింపు బల్ల మీద తల ఆనించి మరీ నవ్వింది. "నాన్నా, దానికి ఇంకా గుండీలూ కాజాలూ కుట్టలేదేం?" అంటుంది. "మరి నీ మొగుడికి తెలుసుగా, చెప్పొద్దూ?" అన్నాను. "అంత ముచ్చటపడి కట్టారు, ఎలా చెప్పను అని నాలుగు రోజులు నలిగిపోయాడు" అంది. బాగుంది, మొహమాటానికి చెట్టు పోయినా ఫరవాలేదన్నమాట!

ఇప్పుడు చెట్టు బాగుంది. పాత లైనింగు గుడ్డతో తెల్లటి పరదా కుట్టాను, పడమటి వైపు కట్టాను. గాలికి ఎగరకుండా అంచున ఇసుక నింపిన గొట్టం కుట్టాను. ఎండ ఎటు తిరిగితే అటు తాడు లాగేలా ఉంగరాలు కూడా పెట్టాను. గంటగంటకీ వెళ్లి చూస్తున్నాను. ఆకు బాగుంది. మీ అబ్బాయి రోజూ బకెట్లో నీళ్లు పట్టి మర్నాటిదాకా ఉంచి పోస్తున్నాడు. కుళాయి నీళ్లలో కలిపే మందు వాసన పోవాలట. చూశారా, ఆ ఆఫీసు ఉద్యోగం ఊరికే పోలేదు!

ఒక మాట బావగారూ. చెట్లకి మెడ ఉంటుందా? మెడ మీద పేలిందని రాశారే, అది చదివి మీ చెల్లెమ్మ కళ్లు తుడుచుకుంది. నేను పైకేం అనలేదు. మీ అబ్బాయికి చెమటకాయలకి రాసే చల్లటి పొడి తెచ్చి, "షాపులో ఎవరో మర్చిపోయారు బాబూ, వాడుకో" అని ఇచ్చాను.

అందరం బాగున్నాం. చెట్టు చాలా బాగుంది.

మీ బావ


నర్సరీ షెడ్డు

బావగారికి,

ఒకే ఉత్తరంలో బాగుంది, బాగుంది, చాలా బాగుంది అని రాశారు. బాగున్న చెట్టుకి ఒక్కసారి చాలు. ఆకు అంచు ఎలా ఉంది? బంగారు రంగా, గోధుమ రంగా? ముట్టుకుంటే మెత్తగా ఉందా, గలగలమంటోందా?

ఇక్కడి నీళ్ల ఆఫీసులో ఒక చోటు ఖాళీ అయిందని తెలిసింది. ఊరికే రాస్తున్నాను. చెట్టుకి అక్కడ పడకపోతే దాచకండి. వ్యాను పంపిస్తాను.

మీ బావ

అన్నయ్యగారూ, ఆయన అతికించకముందు ఈ మూల రెండు ముక్కలు రాస్తున్నాను. ఈయన ఉత్తరంలో చెట్టు అని ఉన్న చోటల్లా ఏం చదువుకోవాలో మీకు నేను చెప్పక్కర్లేదు. వాడి గది కిటికీ రోజూ తెరిచి, ఎవరూ లేని గదికి గాలి తగలనిచ్చి మూసేస్తున్నారు. అడిగితే "చెద పడుతుంది" అంటారు. – మీ చెల్లెలు


టైలరింగ్ షాపు వెనక వరండా నుంచి
వడగాలి రోజులు

బావగారూ,

గోధుమ రంగే. గలగలమంటోంది.

ఇక దాచను. మొన్న వడగాలి వచ్చింది. వీధిలో తారు మెత్తబడింది, షాపులో ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడ్డట్టే ఉంది ఊరంతా. నేను పరదా ఇటు లాగి, అటు లాగి, తృప్తి లేక కుండీని వరండా లోంచి మెట్ల కిందికి, మెట్ల కింద నుంచి స్నానాల గది గోడ పక్కకి జరిపాను. మీరు కదపొద్దన్నారు, నా చేతులు కుదురుగా ఉంటేగా! సాయంత్రానికి ఆకులన్నీ వేయించిన కాగితాల్లా చుట్టుకుపోయాయి. చేత్తో తాకితే రాలిపోతున్నాయి. నేను ఊడ్చి, ఎవరూ చూడకుండా పీలికల బుట్టలో పడేస్తుంటే మా అమ్మాయి వచ్చింది.

"నాన్నా, చూశాంలే" అంది.

"చిగుళ్లు పెడుతుందే" అన్నాను.

"పెట్టచ్చు. పెట్టకపోవచ్చు. ఆయనకి మూడు వారాలుగా నిద్ర లేదు నాన్నా. ఎండ కంటే ఎక్కువ ఇంకోటేదో ఉంది. మామయ్యగారి ఊళ్లో ఖాళీ ఉందట, అత్తయ్యగారు ఫోనులో చెప్పారు. వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్నాం."

"షాపో?"

"షాపు అక్కడా పెట్టుకోవచ్చు. బట్టలు లేకుండా ఎవరూ తిరగరుగా అక్కడ!" అని నవ్వించబోయింది. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం మేడమీదికి వెళ్లాను. మీ అబ్బాయి పిట్టగోడ పక్కన అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. నేనూ పక్కనే నడిచాను. ఆయనది పొడుగు అడుగు, నాది పొట్టి. ఒకరికొకరం అడ్డం తగలడమే సరిపోయింది.

"బాబూ, ఎండ పడటంలేదా?" అన్నాను.

"పడుతుంది మామయ్యా. అలవాటవుతుంది."

"మరి షాపులోకి నిన్ను రోజూ లాక్కెళ్తున్నానని విసుగా?"

పిట్టగోడ చివరిదాకా నడిచి వెనక్కి తిరిగాడు. "కాస్త" అన్నాడు. బావగారూ, ఆ ఒక్క "కాస్త" కోసం ఆయన ఎన్ని నెలలు ఆగాడో!

"నాన్న మీద కోపమా?" అని కూడా అడిగేశాను. నా నోటికి మూత లేదు కదా.

"నాకెందుకు కోపం? కోపం ఆయనకి. నేను ఫోను చేస్తే అమ్మకి ఇచ్చేస్తారు. 'చెట్టు ఎలా ఉందో మీ మామగారు రాస్తున్నారులే' అంటారు దూరం నుంచి. ఆయనకి చెట్టే కావాలి మామయ్యా. ఇప్పుడు అదీ పోయింది. ఇక అడగడానికి ఏం మిగల్లేదు" అన్నాడు.

మీ ఉత్తరాలు తెచ్చి చూపిద్దామా అనుకున్నాను. కానీ అందులోనూ చెట్టే ఉంది కదండీ. మెడ మీద పేలిన ముక్క ఒక్కటి చూపిస్తే? అది మీరు చేజారి రాసింది, నేను అంగట్లో పెట్టకూడదు అని ఊరుకున్నాను.

కిందికి వస్తే మీ చెల్లెమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "విన్నారా? చెట్టునీ, అల్లుణ్నీ ఒక్క నిమిషం కుదురుగా కూర్చోనివ్వరు. రెండింటినీ ప్రేమతోనే ఉడకబెట్టారు" అంది. ఈసారి ఆవిడ చెప్పిందే నిజమనిపించింది.

ఏం చెయ్యమంటారో చెప్పండి. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను, ఎక్కడా కూర్చోబుద్ధి కావడంలేదు. పందెం మీరే గెలిచారేమో. అయినా గెలిచిన మొహం మీది కాదనిపిస్తోంది నాకు.

మీ బావ


నర్సరీ షెడ్డు

బావగారూ,

మీ ఉత్తరం చదివాక మొక్కలకి నీళ్లు పెట్టడం మర్చిపోయాను. ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఆకు మాడితే చెట్టు చచ్చినట్టు కాదు. ఎండకి తట్టుకోలేనప్పుడు ఆకు వదిలేసి కొమ్మని కాపాడుకుంటుంది. సన్నటి కొమ్మ మీద గోటితో కాస్త గీరండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. పచ్చగా ఉంటే ఇక ఏమీ చెయ్యకండి. నీడలో పెట్టండి, చెమ్మ చూడండి, దూరంగా కూర్చోండి. చేతులు కట్టుకు కూర్చోవడం మీకు కష్టం, నాకు తెలుసు. నాకు ఇంకో రకం కష్టం.

ఆ చెట్టు మా పిల్లాడు పుట్టిన ఏడాది నేను అంటు కట్టింది. నర్సరీలో ఎంత మంది అడిగినా ఇవ్వలేదు. వాణ్ని ఉండిపొమ్మని అడగడం నాకు చేతకాలేదు. చెట్టుని వ్యాను ఎక్కించాను. నోటికి వచ్చిన మాట మాత్రం వేరే వచ్చింది.

ఇది వాడికి చూపించకండి. గీరితే ఏ రంగు కనిపించిందో రాయండి.

మీ బావ


టైలరింగ్ షాపు నుంచి
వానలు పడుతున్నాయి

బావగారూ,

పచ్చగా ఉంది! పచ్చ! లేత పచ్చ!

గీరడానికి నాకు ధైర్యం చాల్లేదు. మీ అబ్బాయినే పిలిచాను. "మీ నాన్నగారు గీరి చూడమన్నారు" అన్నాను. అంతే, మిగతాదేదీ చెప్పలేదు, మీ మాట జవదాటలేదు. ఆయన కూర్చుని గీరాడు. తల వంచి అలాగే చూస్తూ ఉండిపోయాడు. "ఇంకేం రాశారు?" అని అడిగాడు. "దూరంగా కూర్చోమన్నారు" అన్నాను. నవ్వాడు బావగారూ. "మీకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు మామయ్యా" అన్నాడు. నన్ను వేళాకోళం చేశాడండీ! మా ఇంట్లో కాలు పెట్టాక మొదటిసారి!

సరే, కూర్చున్నాను. ఎంత కష్టమనుకున్నారు! చెట్టు వైపు కాళ్లు లాగితే మిషను ముందు కూర్చుని పీలికలన్నీ కలిపి దుప్పట్లు కుట్టాను. ఇంట్లో ఇప్పుడు మనుషుల కంటే దుప్పట్లు ఎక్కువ. సాయంత్రాలు మీ అబ్బాయిని షాపులోకి పిలవడం మానేశాను. ఆయన వరండాలో చెట్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు, మాటా పలుకూ లేకుండా. విచిత్రమేమిటంటే, ఆయన అలా కూర్చుంటే వీధిలో వాళ్లే వచ్చి పలకరిస్తున్నారు. "మా బావి నీళ్లు ఉప్పగా ఉన్నాయి, ఒకసారి చూస్తారా?" అని ఒకావిడ సీసాతో వచ్చింది. తర్వాత ఇంకొకరు. ఆయన తలెత్తకుండానే అందరికీ జవాబు చెబుతున్నాడు. మరి నేను ఇన్నాళ్లూ వీపు తట్టింది ఎందుకో!

ఒక సంగతి మిగిలింది. మీ ఊరి ఆఫీసుకి ఒప్పుకుంటూ కాగితం నింపి పెట్టుకున్నారు పిల్లలు. ఇంకా పంపలేదు. నేను అడగడంలేదు. అడక్కుండా ఉండటానికి నాలుక కొరుక్కుంటున్నాను.

మీ బావ


నర్సరీ షెడ్డు

బావగారికి,

పచ్చగా ఉందన్న మాట మీ చెల్లెలికి పైకి చదివి వినిపించాను. మళ్లీ చదవమంది.

కాగితం సంగతి మీరు అడక్కండి. నేనూ అడగను. వ్యాను డ్రైవరుకి ఎందుకైనా మంచిదని చెప్పి ఉంచాను. రమ్మంటే వస్తాడు, వద్దంటే లేదు. ఏది రాసినా నాకు సమ్మతమే, అని రాయాలనుకున్నాను. పూర్తిగా నిజం కాదు. అయినా రాస్తున్నాను.

మీ బావ


టైలరింగ్ షాపు వెనక పెరడు నుంచి
చలి మొదలైంది

బావగారూ! బావగారూ!

నాటేశాడు! నేలలో నాటేశాడండీ!

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించండి. వానలకి మళ్లీ చిగుళ్లు వచ్చిన సంగతి ఫోనులో చెప్పారు కదా మా వాళ్లు. ఆ ఆకులే ఈ వారం చలికి ఎర్రబడ్డాయి. నిప్పులా ఉందండీ, మా మసి గోడ పక్కన. దారినపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేను గంభీరంగా మొహం పెట్టి, వాళ్లకి "ఏదో, వేలాడే జాతి, తల వంచుకోవడమే దాని తీరు" అని మహా తెలిసినవాడిలా చెబుతున్నాను.

ఆకులు రాలడం మొదలుపెట్టాక, ఇవాళ పొద్దున పెరట్లోంచి గునపం చప్పుడు వినిపించింది. చూద్దునుకదా, నీళ్ల ట్యాంకు పక్కన, తూర్పు ఎండ తగిలి మధ్యాహ్నం గోడ నీడ పడే చోట మీ అబ్బాయి గొయ్యి తవ్వుతున్నాడు. ఒళ్లంతా మట్టి. నన్ను చూసి ఆగాడు.

"మామయ్యా, ఇక్కడ పెట్టనా?"

నా పెరట్లో నన్ను అడుగుతున్నాడు! "నాటితే మళ్లీ వ్యాను ఎక్కదు బాబూ" అన్నాను. మీ మాటే.

"తెలుసు" అన్నాడు. "అందుకే."

"మరి ఆ కాగితం?"

"మీ అమ్మాయి దాని వెనకవైపు జాకెట్టు కొలతలు రాసేసింది."

నేను ఏడ్చాను బావగారూ, దాచడమెందుకు. ఆనందానికి ఏడ్చి, వెంటనే మీరు గుర్తొచ్చి, ఆ కిటికీ గుర్తొచ్చి, ఇంకోరకంగా ఏడ్చాను. ఒకరి పెరట్లోకి వచ్చింది అంటే ఇంకొకరి పెరట్లోంచి పోయిందనేగా. అది మర్చిపోయేంత మూర్ఖుణ్ని కాదు.

గొయ్యిలో దించేటప్పుడు ఆయన ఒక మాటన్నాడు. "నాన్న ఉంటే వేళ్లు ఎంత విప్పాలో చెప్పేవారు" అన్నాడు. ఫోను నా జేబులోనే ఉంది, తీసి ఇద్దామనుకున్నాను. చెయ్యి జేబు దాకా వెళ్లింది, వెనక్కి తీసుకున్నాను. నేను కదపకూడనివి కొన్ని ఉంటాయని మీరే కదా నేర్పారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఇక మీ వంతు. ఈ కబురు చెప్పాల్సినవాళ్లు వీళ్లు. నా వైపు వాళ్లకి నేను చెబుతాను, మీ వైపు వాళ్లకి మీరు చెప్పాలి:

మా పెద్దక్కకి. వడగాలి రోజు వచ్చి "దాన్ని పీకేసి కరివేపాకు పెట్టరా" అంది.

మా బావమరిదికి. చితుకులు అన్నాడుగా, వచ్చి చూడమనాలి, వట్టి చేతుల్తో రావొద్దనాలి.

వేరే ఊళ్లో ఉన్న మా అబ్బాయికీ కోడలికీ. వాళ్లకి ఫోటో కూడా పంపాలి, లేకపోతే నేను గొప్పలు కొడుతున్నానంటారు.

మీ తమ్ముడుగారికి. పెళ్లిలో నా పక్కన కూర్చుని "మా వాడు మీ ఊళ్లో నెల కూడా ఉండడు" అన్న పెద్దమనిషి ఆయనే.

మా చెల్లెమ్మకి, అంటే మీ ఇంటావిడకి. ఆవిడకి ముందే తెలిసి ఉంటుంది, అయినా మీ నోటితో చెప్పండి.

వ్యాను డ్రైవరుకి. రావొద్దని కాదు. మిమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుని రమ్మని.

ఆఖరున మీ అబ్బాయికి. మీకు కోపం లేదని. అది నేను చెబితే నమ్మడు బావగారూ.